సంతకం పెడితే తమ్ముడు మిగులుతడా, పెట్టకపోతేనా? (బాపు ఒక్కడే, అమ్మలు వేరు)

హన్మకొండ_బిడ్డ:
అందరికి నమస్తే. చాన రోజులసంది ఇక్కడ చదువుడే తప్ప రాసింది లేదు. జర పొడుగైతది, ఓపిక పట్టుండ్రి.

నాకు ఏడేండ్లప్పుడు 1990ల మా అమ్మ పోయింది. ఏడాది తిరిగేసరికి బాపు జనగామ దిక్కు నుంచి చిన్నమ్మను చేసుకొచ్చిండు. 1993ల తమ్ముడు పుట్టిండు. వాన్ని చంకన ఏసుకొని బడికి పోయిన దినాలు కూడ ఉన్నయి, అబద్ధం కాదు. 2006ల నా పెండ్లి అయింది, వాడు పీటల పక్కన నిలబడి ఏడ్చిండు, పదమూడేండ్ల పోరడు. ఇప్పుడు వాడు డాలస్‌ల ఉంటడు, పెండ్లాం, ఒక బాబు.

బాపు మూడు నెలల కింద పోయిండు. టీచర్ చేసి రిటైర్ అయిండు. వీలునామ రాయలేదు. దశదిన కర్మ కార్డు ప్రింట్ చేయించిండ్రు, నా పేరు ఆఖరుకు, కోడలు పేరు కింద, చిన్న అక్షరాలల్ల. పెద్దబిడ్డను నేను. అప్పుడు ఏమనలే, ఏడ్చే ఇంట్ల కార్డు పంచాయితి ఏంది అనుకున్న.

ఇగ పోయిన వారం చిన్నమ్మ వాళ్ళ అన్న, మామ అంటం, ఫోన్ చేసిండు. ఇల్లు, కాజీపేట దిక్కు 242 గజాల జాగ రెండిటి మీద హక్కు వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టాలెనట. "నీకు పెండ్లిల పెట్టిపోతలు అన్ని అయినయి కద బిడ్డా" అన్నడు. తెల్లారి తమ్ముడి నంబర్ నుంచి ఆ కాగితం పీడీఎఫ్ వచ్చింది. కింద ఒక్క ముక్క లేదు. అక్కా అని కూడ లేదు.

మా ఆయన పెట్టొద్దు అంటడు. నాకు పైసల మీద ఆశ లేదు అంటే మీరు నమ్మరు, కొంచెం ఉన్నది, ఎవరికుండదు. కాని అసలు భయం అది కాదు. సంతకం పెడ్తే ఇగ నాతోని పని అయిపోయింది అనుకుంటరేమో, పెట్టకపోతే పుట్టిల్లు బంద్. మీకెవరికన్న ఇట్ల అయిందా?

గోదావరి_గట్టు:
చదివేనండి. మనసు బాధేసింది. ఆ కార్డు సంగతి మాత్రం నాకు బాగా అర్థమైంది, మన ఇళ్ళల్లో ఆస్తి గొడవలు ఆస్తి దగ్గర మొదలవ్వవండి, పత్రిక మీద పేర్ల దగ్గరా, ఫోటోలో ఎవరు ఎక్కడ నించున్నారన్న దగ్గరా మొదలవుతాయి.

మా ఇంట్లోనూ ఇద్దరు తల్లుల పిల్లలం. అయితే మా పిన్ని మా అమ్మకి సొంత చెల్లెలే, అమ్మ పోయాక తాతగారే ఇచ్చి చేసేరు. అందుకని పిలుపు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు, పుట్టినప్పట్నుంచీ పిన్నే. చాలామందికి తెలీదు గానీ ఆ ఒక్క సుఖం పెద్ద సుఖం. పిలుపు కొత్తగా నేర్చుకోవాల్సొచ్చిన పిల్లలకి నోరు ఎప్పటికీ పూర్తిగా తిరగదు.

పెళ్ళిళ్ళకి వెళ్తే మా తమ్ముణ్ణి చూపించి "మా తమ్ముడండి" అంటాను, అవతలాయన "సొంత తమ్ముడేనా?" అంటాడు. ఆ "సొంత" అనే మాట కనిపెట్టినవాణ్ణి గోదాట్లో ముంచాలి.

బేరం_శాస్త్రి:
సెంటిమెంట్లు పక్కన పెట్టండి మేడం. కాజీపేట దగ్గర 242 గజాలు అంటే ఈ రోజు రేటుకి ఎంతో ఒక్కసారి కనుక్కోండి. తర్వాత ఏడవండి. పీడీఎఫ్ పంపిన తమ్ముడు తమ్ముడు కాదు, పార్టీ.

రెండో_ఆమె_కొడుకు:
బేరం శాస్త్రి గారూ అంత తేలిగ్గా అనేస్తే ఎట్లప్పా. నేను ఆ పీడీఎఫ్ పంపినోని వైపు మనిషిని, మాది కర్నూలు దగ్గర, మా నాయనకి మా అమ్మ రెండో ఆమె, పెద్దమ్మ పోయినాక చేసుకున్యాడు, ఇద్దరక్కలు నాకు. నేను పుట్టకముందు జరిగిందానికి నేను పుట్టినప్పటి నుంచి జవాబు చెప్తా ఉండా. మా జేజి నన్ను ఎత్తుకోని అక్కోల్లని చూసి "వీడొచ్చినాడు ఇంక మీ బతుకు అంతే" అనేదంట, నాకేమో ఆర్నెల్లు. అక్కోల్లకి జొరమొచ్చినా మా అమ్మే కారణం, పరీచ్చ తప్పినా మా అమ్మే కారణం, అమ్మ ఒక పూట కోపంగా మాట్లాడితే సవతి తల్లి, అదే మాట నన్ను అంటే మాత్రం పెంపకం, ఇది ఊరంతా చూస్తా ఉంటాది, ఇంట్లో ఐదుగురం ఉంటే ఊరు ఆరో మనిషి మాదిరి మంచం మింద కూర్చోనుంటాది.

పెద్దక్క పెండ్లిలో పేలాలు పోసేటప్పుడు అన్నదమ్ముడు రావల్ల అని అయ్యగారు పిలిచినాడు. నేను లేసినా. అక్క పెదనాయన కొడుకు కూడా లేసినాడు. అక్క తలకాయ ఎత్తి చూసి వాణ్ణి రమ్మన్నాది. నాకు పదైదేండ్లు అప్పుడు. ఇప్పుడు నలభై. ఇంగా ఆ హోమం పొగ కండ్లలోనే ఉండాది.

అక్కా మీ తమ్ముడికి ఇట్లాంటిది ఏమన్నా ఉండాదేమో ఒకసారి ఆలోచన చెయ్యండి. తిట్టద్దు, ఊరికే అంటాన్యా.

హన్మకొండ_బిడ్డ:
తిట్టుడు ఎందుకు అన్నా. చదివి కొద్దిసేపు ఫోన్ పక్కన పెట్టిన. మా తమ్ముడికైతే నేను అట్ల ఏం చెయ్యలే, నాకు యాదికున్నంత వరకు.

కొబ్బరి_చిప్ప:
ఆడపిల్లకి తండ్రి ఆస్తిలో వాటా అనేది 2005 నుంచే కదా, ఈవిడ తండ్రి అంతకు ముందు కట్టుకున్న ఇల్లయితే వర్తించదు. పెళ్ళికి ఇచ్చింది కూడా లెక్కలోకి వస్తుంది. అనవసరంగా రెచ్చగొట్టకండి.

పాత_దస్తావేజు_లేఖరి:
కొబ్బరి చిప్ప గారు చెప్పిన రెండూ తప్పే. ముప్పై ఏళ్ళు రిజిస్ట్రార్ ఆఫీసు చెట్టు కింద కూర్చున్నవాణ్ణి, ఇదే తప్పు వెయ్యిసార్లు విన్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2005 సవరణ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితం గురించి. అలాంటి హక్కు కూడా మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలోనే వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని ఆడపిల్లలకు వర్తించింది. స్వార్జితం సంగతి వేరు. తండ్రి సొంత సంపాదన, వీలునామా లేకపోతే, కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉంది. పెళ్ళిలో పెట్టినవి అందులోంచి తీసేసే లెక్క లేదు.

అమ్మా, మీ నాయనమ్మ బతికి లేరనుకుంటున్నాను, ఉంటే ఆవిడా వారసురాలే. లేకపోతే ఇంటికి వారసులు ముగ్గురు. మీ చిన్నమ్మగారు, మీరు, మీ తమ్ముడు. తలా మూడో వంతు. మీరు మొదటి భార్య బిడ్డ అయినంత మాత్రాన ఎక్కువా రాదు, తక్కువా రాదు. తండ్రికి మీ ఇద్దరూ సమానమే.

ఇప్పుడు నాకో అనుమానం. జాగా ఎవరి పేరు మీద ఉంది? మీరు "రెండిటి మీద" అన్నారు గానీ రెండూ నాన్నగారివే అనలేదు.

హన్మకొండ_బిడ్డ:
నాయనమ్మ లేదు సార్. జాగ మా అమ్మ పేరు మీద. మా తాత పసుపు కుంకుమ కింద రాసిచ్చిండు. అమ్మ పోయినంక మార్పించింది ఏమి లేదు, కాగితాలు బీరువల ఎర్రబట్టల చుట్టి ఉంటుండె. ఇప్పుడు చిన్నమ్మ తానే ఉన్నయి.

పాత_దస్తావేజు_లేఖరి:
అదీ సంగతి. ఆ జాగా మీ అమ్మగారిది. వీలునామా లేకుండా ఆవిడ పోయినప్పుడు వారసులు బిడ్డలు, భర్త. అంటే మీరు, మీ నాన్నగారు, చెరి సగం, ఆ రోజే. మీ నాన్నగారి సగం ఇప్పుడు ముగ్గురికి పోతుంది, తలా ఆరో వంతు. మీ సగానికి ఆ ఆరో వంతు కలిపితే మూడింట రెండు వంతులు మీవి. మిగిలిన మూడో వంతులో చిన్నమ్మగారు, తమ్ముడు.

గజాల్లో చెప్పాలంటే 242లో మీది సుమారు 161.

రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయ్యాక "నాకు తెలీక పెట్టాను" అంటే కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. పెట్టొద్దు అనను, తెలిసి పెట్టండి. నా కళ్ళ ముందు ఎంతమంది అక్కలు చదవకుండా వేలిముద్ర వేసి బయటికొచ్చి టీ తాగి వెళ్ళారో.

రెండో_ఆమె_కొడుకు:
సార్ ఒక మాట. నాకు పిల్లల్లేరు, భార్య పోయినాది, అమ్మానాయనా లేరు. నా తర్వాత అక్కోల్లకి వస్తాదా?

పాత_దస్తావేజు_లేఖరి:
మీ అమ్మానాన్నలిద్దరికీ పుట్టిన సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరూ లేకపోతే వస్తుంది. ఉంటే మాత్రం ఆ 1956 చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఒకే తల్లీ తండ్రీ ఉన్నవాళ్ళకే మొదట, తండ్రి ఒక్కడే అయినవాళ్ళు వెనక. ఈ తేడా తోబుట్టువుల ఆస్తి దగ్గరే, తండ్రి ఆస్తి దగ్గర కాదు. మీరు వీలునామా రాసుకోండి బాబూ, తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ఎదట సంతకం పెట్టి వాళ్ళ సంతకాలు కూడా తీసుకుంటే చెల్లుతుంది.

రెండో_ఆమె_కొడుకు:
రాస్తా. చిన్నక్క పేరు మింద. పెద్దక్క సంగతి ఆలోచన చేస్తా.

బ్రాడీపేట_రోజీ:
ఇవన్నీ హిందువుల లెక్కలండి, చదివేవాళ్ళల్లో క్రైస్తవులు ఉంటే కంగారు పడకండి. మాకు 1925 భారత వారసత్వ చట్టం. భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం, ఏ తల్లి బిడ్డలనే తేడా లేదు. తోబుట్టువుల దగ్గర కూడా అర్ధరక్తం (తల్లో తండ్రో ఒక్కరే కలిసినవాళ్ళు), పూర్ణరక్తం (ఇద్దరూ కలిసినవాళ్ళు) తేడా లేదు. మా నాన్న పోయినప్పుడు పాస్టరుగారి ఎదటే లెక్కేసుకున్నాం. లెక్క సరిపోయింది. మాటలే ఇంకా సరిపోలేదు, నాలుగేళ్ళయింది.

న్యూజెర్సీ_అమ్మ:
మాది ఇంకో రకం. ఇద్దరికీ రెండో పెళ్ళే. ఆయనకి ఒక అబ్బాయి, నాకు ఒక అమ్మాయి. వాళ్ళిద్దరికీ రక్తసంబంధం లేదు. పెళ్ళి చేసుకున్నప్పుడు ఒకడికి పదకొండు, దానికి తొమ్మిది, ఇప్పుడు ఇరవై ఆరు, ఇరవై నాలుగు. మొదటేడు నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని ఏంటంటే రాఖీ రోజు బలవంతంగా కూర్చోబెట్టి కట్టించి ఫోటో తీసి ఇండియాలో అందరికీ పంపాను. మా అమ్మాయి ఆ ఫోటోలో ఉన్న మొహం ఇప్పటికీ నన్ను చూస్తూ ఉంటుంది. తర్వాత ఆరేళ్ళు దాని జోలికి పోలేదు. అది కాలేజీకి వెళ్ళాక ఒక రాత్రి కారు టైరు పంక్చరయితే నాకు కాదు, వాడికి ఫోన్ చేసింది. నాకు మర్నాడు తెలిసింది. నేను ఏం మాట్లాడకుండా అన్నం పెట్టాను.

ఇలా తెచ్చుకున్న పిల్లలకి మాత్రం వీలునామా తప్పనిసరి. ఇండియాలో మాకున్న ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది, లాయర్ని అడిగితే మీ అమ్మాయి ఆయనకి వారసురాలు కాదు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. దత్తత తీసుకుందామంటే పదిహేనేళ్ళ లోపు అవ్వాలట, ఆచారం ఉంటే తప్ప. దాటిపోయింది. "నాన్నా" అని పిలుస్తుంది, కాగితం మీద ఎవరూ కాదు.

గోదావరి_గట్టు:
న్యూజెర్సీ అమ్మ గారూ మీరు ఆ రెండో పెళ్ళి మాట ఎంత తేలిగ్గా రాసేరో చూసి సంతోషమేసిందండి. మాది రాజమండ్రి. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించిన ఊరని బళ్ళో గర్వంగా చదువుకున్నాం. అదే ఊళ్ళో 1984లో మా మేనత్త బిడ్డనెత్తుకుని రెండో పెళ్ళి చేసుకుంటే మా ఇంట్లోంచి ఇద్దరే వెళ్ళేరు, అందులో ఒకణ్ణి నేను, అదీ స్వీట్ల కోసం.

ఆవిడకి తర్వాత ఇంకో కొడుకు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకి రెండు ఇంటిపేర్లు, రెండు గోత్రాలు. గుళ్ళో అర్చన చేయిస్తే అయ్యగారు ప్రతిసారీ ఆగి మొహం చూసేవాడు. పెద్దవాడు చివరికి "మీరు శివగోత్రం అని చదివెయ్యండి" అనేవాడు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ కాకినాడలో ఒకే షాపులో కూర్చుంటారండి. యమవిదియకి అన్నం పెట్టడానికి అక్కచెల్లెళ్ళు లేరని ఇద్దరూ మా ఇంటికి వస్తారు.

బేరం_శాస్త్రి:
161 గజాలు మేడం. ఊరికే గుర్తు చేస్తున్నా.

హన్మకొండ_బిడ్డ:
శాస్త్రి గారు మీరు జర ఊకోండ్రి.

లేఖరి సారు చెప్పినకాంచి నాకు నిద్ర పడ్తలేదు. మూడింట రెండొంతులు అని వినంగనే సంబురం కావాలె కద, కడుపుల ఏదో తిప్పింది. ఎందుకంటే చిన్నమ్మ ఆ కాగితాలు ముప్పై నాలుగేండ్లు కాపాడింది. ఇల్లు రెండుసార్లు మారినం, ఒకసారి వానకు కప్పు కారి బీరువ తడిసింది, ముందుగాల ఆ ఎర్రబట్ట తీసి పక్కింట్ల పెట్టొచ్చింది. దాచుకునేటామె అయితే ఎప్పుడో దాచుకునేది. నాకు జడ ఎయ్యంగ నొప్పి పుట్టేటట్టు గుంజేది, అది గూడ నిజం. తమ్ముడికి నెయ్యి ఎక్కువ ఏసేది, అది నిజం. మా అమ్మ పేరు మీద ప్రతి ఏడు పెత్తర అమాసనాడు బియ్యం ఇచ్చేది, బాపు మర్చిపోయినా ఆమె మర్వలే.

మరి గీ కాగితం ఎవరు పుట్టిచ్చిండ్రు?

పాత_దస్తావేజు_లేఖరి:
నా అనుభవంలో ఇలాంటి కాగితాలు నూటికి తొంభై మేనమామలూ బావమరుదులూ పుట్టిస్తారు. నేరుగా తమ్ముడికి ఫోన్ చేయండి. కాగితం గురించి మొదలుపెట్టకండి.

ఇంకొకటి, చిన్నమ్మగారు ఒక్కరే ఉంటున్నారు కదా. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో తల్లిదండ్రులు అంటే సవతి తల్లి కూడా. ఆవిడ పోషణ బాధ్యత మీ మీదా ఉన్నట్టే, డాలస్‌లో ఉన్నవాడి మీదే కాదు. వాటా అడిగేటప్పుడు దీన్నీ పక్కన పెట్టుకోండి.

కరీంనగర్_కోడలు:
సారు మాట మంచిగుంది. కాగితం గురించి కాదు, బాబు ఎట్లున్నడు, పండ్లొచ్చినయా అని మొదలుపెట్టు చెల్లె.

(నాలుగు రోజుల తర్వాత)

హన్మకొండ_బిడ్డ:
చేసిన. ఆదివారం పొద్దుగాల, వానికి శనివారం రాత్రి. బాబు గురించి అడిగిన, బాపు చెప్పులు ఇంకా గడప కాడనే ఉన్నయట, చిన్నమ్మ తియ్యనిస్తలేదట, అవి గివి మాట్లాడినం. ఇగ ఆగక "ఆ కాగితం పంపినవ్ కద తమ్మీ" అన్న.

వాడు తెరిచి గూడ చూడలేదట. మామ పంపుమంటే ఫార్వర్డ్ కొట్టిండట. జాగ అమ్మ పేరు మీద ఉన్నదని వానికి తెల్వనే తెల్వదు, బాపుదే అనుకుంటుండు. లేఖరి సారు లెక్క చెప్పిన. కొద్దిసేపు సప్పుడు లేదు. నాకు గుండె కొట్టుకునుడు ఇనపడుతున్నది. "మీ అమ్మ జాగల నాకు వాటా ఏంది అక్కా" అన్నడు.

సరే మంచిగనే పోతున్నది అనుకొని, నేను ఊకోక కార్డు ముచ్చట తీసిన. నా పేరు కిందికి ఏసిండ్రు కద అని.

అప్పుడు అన్నడు. "నీ బిడ్డ ఓణీల ఫంక్షన్ కార్డు మీద మేనమామ అని ఎవల పేరు ఏసినవ్?"

నేను బాబాయి కొడుకు పేరు ఏయించిన. రెండేండ్లాయె. చీరె గూడ వాడే పెట్టిండు. తమ్ముడు అమెరికాల ఉండె, రాలేడు కద అని. నిజంగ చెప్తున్న, నాకు అసలు తట్టనే లేదు. అదే అన్న వానికి, "నువ్వు అమెరికాల ఉంటివి కద తమ్మీ" అని.

"పేరుకు గూడ వీసా కావాల్నా అక్కా" అన్నడు.

ఏం చెప్పాలె దానికి. ఇద్దరం ఏడ్సినం. మా ఆయన బయటికొచ్చి ఏమైంది ఏమైంది అంటడు.

రెండో_ఆమె_కొడుకు:
చెప్పినా కదా అక్కా.

హన్మకొండ_బిడ్డ:
చెప్పినవ్ అన్నా. యాదికున్నంత వరకు అని రాసిన నేను, మళ్ళ పైకి పోయి చదువుకుంటే సిగ్గైంది.

ఇప్పటికి అనుకున్నది ఏందంటే ఇంటికి ఎవ్వరం ముట్టం, చిన్నమ్మ ఉన్నన్ని రోజులు ఆమెదే. జాగ ముచ్చట ఏడాది మాసికం అయినంక. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం వచ్చే సోమవారం తహసీల్దార్ ఆఫీసుకు నేనే చిన్నమ్మను తీస్కపోత. వాడు జీపీఏ, అంటే వాని తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే కాగితం, హ్యూస్టన్ కాన్సులేట్‌ల చేయించి పంపుతడట, మామ పేరు మీద కాదు, నా పేరు మీద.

పాత_దస్తావేజు_లేఖరి:
మంచిది. జీపీఏ ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు కట్టించుకోండి, చాలామంది బీరువాలో పెట్టి మర్చిపోతారు. సర్టిఫికెట్‌లో ముగ్గురి పేర్లూ పడ్డాయో లేదో అక్కడే నిలబడి చదివాకే బయటికి రండి.

బేరం_శాస్త్రి:
జీపీఏ అక్క పేరు మీద ఇచ్చాడా. సరే, తమ్ముడే. నా మాట వెనక్కి.

గోదావరి_గట్టు:
శాస్త్రి గారు వెనక్కి తీసుకున్న మొదటి మాట ఇదేనండి ఈ వేదిక మీద.

హన్మకొండ_బిడ్డ:
ఒకటి అడగాలె, మా దిక్కోళ్ళు చెప్పుండ్రి. నాకు ఒడిబియ్యం (పుట్టింటోళ్ళు ఆడబిడ్డ ఒడిల పోసే బియ్యం) పెండ్లైన మూడో ఏడు, ఐదో ఏడు పోసిండ్రు, ఆఖరుకు పదకొండో ఏడు, 2017ల. తమ్ముడు అమెరికా పోకముందు వాడే పసుపు కలిపిండు బియ్యంల, చేతులు వారం పచ్చగ ఉండె. తర్వాత తప్పిపోయినయి. బాపు ఏడాది అయినంక ఇరవై ఒకటో ఏడు పోయించుకోవచ్చా? చిన్నమ్మ ఇప్పుడు పోయరాదు అంటున్నరు ఎవలో.

కరీంనగర్_కోడలు:
ఏడాది దాటితే మంచిగ పోసుకోవచ్చు, బేసి ఏడు అయితే చాలు. తమ్ముడు మరదలు పోస్తరు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవికె బట్ట, మర్వద్దు. చిన్నమ్మ పోయరాదని ఎవలన్నరో వాళ్ళను ఆ రోజు పిలవకుర్రి, అయిపోతది.

హన్మకొండ_బిడ్డ:
మరదలికి చెప్పిన, ఆమెది విజయవాడ, వాళ్ళకు ఈ ఒడిబియ్యం లేదట. బియ్యం ఎట్ల కలపాలెనో వీడియో కాల్‌ల చూపియ్యమంటున్నది. నాకు పోసే బియ్యం నేనే నేర్పాల్నా అంటే, మరెవరు నేర్పుతారు వదినా అంటది.